సోఫా కాలి కింద పాలకవరు

పోయినవారం మనం ఆవిరక్కని మంచి ఇరకాటంలో వదిలేసి చక్కా వచ్చేశాం. పరాయివాళ్ళ హాల్లో మోకాళ్ళ మీద వంగి, ఎడమ భుజంతో సోఫాని పైకెత్తి, కుడిచేత్తో దాని కాలి కింద తడుముతూ ఉండిపోయింది పాపం. వారం నుంచీ అలాగే ఉంది. ఇంకాసేపు ఉంచితే ఆ భుజం పడిపోయినా పడిపోతుంది గనక, ముందు సోఫా దించే సంగతి చూద్దాం.

దానికంటే ముందు, ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవారికి నాలుగు మాటలు. ఆవిరి మెషిను తోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి కార్పెట్లూ, సోఫాలూ, పరుపులూ, జిడ్డు పట్టిన వంటింటి గోడలూ శుభ్రం చేసే పని మొదట ఆవిరక్కది కాదు, ఆమె భర్తది. పేటంతా ఆయన్ని ఆవిరన్న అనేవారు. వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన కుడిచేతికి తడిగుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చాడు. "మెషిను పెట్టే షెడ్డులో దాని బాయిలరు మూత తీస్తుంటే ఆవిరి కొట్టింది" అన్నాడు. అంతే, మళ్ళీ మెషిను ముట్టుకోలేదు. చెయ్యి మానింది గాని మనిషి మానలేదు. వంటింట్లో కుక్కరు కూత వేస్తే చాలు, తింటున్న కంచం ముందు నుంచి లేచి వీధిలోకి వెళ్ళిపోతాడు. ఇల్లు గడవాలి గనక మెషిను ఆవిడ అందుకుంది, పేరు కూడా దాంతోపాటే వచ్చింది. తోడుగా ఆయన అక్క, అంటే ఆవిరక్కకి వదిన, గొట్టాలు మోయడానికి వెంట వస్తోంది. గొట్టాల కంటే ఎక్కువగా కబుర్లు మోస్తుందనుకోండి, అది వేరే విషయం.

మూత సంగతి ఆవిరక్క మొదట్లో నమ్మింది. నమ్మి, పూటకోసారి దెప్పింది కూడా. "ఇన్నేళ్ళుగా చేస్తున్న పని. ఆవిరి ఒత్తిడి ముల్లు సున్నాకి దిగిందో లేదో చూసుకుని మూత తియ్యడం కూడా రాలేదా మీకు?" అని. ఆయన ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. తీరా రోజూ ఆ మూత తానే తీయడం మొదలుపెట్టాక ఆమెకి ఎక్కడో తేడా కొట్టింది. మూత తీసేవాళ్ళు ఎవరైనా మందపాటి తువ్వాలు మడతపెట్టి, దాని మీద వేసి తిప్పుతారు. ఆవిరి తన్నుకొస్తే ముంజేతికి తగలాలి, ముఖానికి తగలాలి. ఆయనకి కాలిందేమో అరచేతి నడిమధ్యలో, గుండ్రంగా, సీసామూత అంత. తువ్వాలు పట్టుకున్న చేతికి లోపలివైపు ఎలా కాలుతుంది?

అయితే మెషిను అబద్ధమాడుతూ ఉండాలి, లేదా మనిషి అబద్ధమాడుతూ ఉండాలి. మెషినే పాడైందనుకుంటే ఏదో ఒకరోజు అది తన చేతిలోనే పని చూపిస్తుంది. మనిషే దాస్తున్నాడనుకుంటే, ఏం దాస్తున్నట్టు? ఆ మధ్యాహ్నం షెడ్డులో లేకపోతే ఎక్కడున్నట్టు? పొద్దున ప్లగ్గు పెట్టిన దగ్గర్నుంచి సాయంత్రం పీకేదాకా ఈ రెండు భయాలూ ఆమె వెంటే తిరుగుతున్నాయి. ఆవిరక్కకి కావలసింది ఒక్కటే. ఈలవేసుకుంటూ, మెషిను చక్రాలు మెట్లకి తగలకుండా ఎత్తిపట్టుకుని పైకెక్కే ఆ పాత మనిషి తిరిగి రావాలి. ఏం పోయిందో తెలియకుండా దాన్ని వెతికి తేవడం ఎలాగన్నదే ఆమె బెంగ.

ఇక సోఫా సంగతి.

కాలి కింద ఆమె వేలికి తగిలింది ఒక పాలకవరు ముక్క.

ఓస్, ఇంతేనా అనకండి. తడిసిన కార్పెట్టు మీద చెక్క కాళ్ళు ఆనితే పాలిష్ రంగు దిగి గోధుమరంగు మచ్చ పడుతుంది. ఇక ఆ మచ్చ పోవడమంటూ ఉండదు. అందుకని ఈ పని చేసేవాళ్ళంతా కాళ్ళ కింద ఏదో ఒకటి పెడతారు. చాలామంది వంటింట్లో వాడే అల్యూమినియం రేకుకాగితం పెడతారు. ఆవిరన్నకి రేకుకాగితం మీద నమ్మకం లేదు, చిరుగుతుందంటాడు. ఇంట్లో పాలకవర్లన్నీ కడిగి, వంటింటి కిటికీకి తాడు కట్టి దాని మీద ఆరేస్తాడు. చుట్టాలొస్తే "మీరు బట్టలు ఆరేసుకోరా, కవర్లే ఆరేసుకుంటారా" అని నవ్వుతారు. ఆరిన కవరుని చదరంగా కత్తిరించి, అక్షరాలున్న వైపు లోపలికి పోయేలా నాలుగు మడతలు పెడతాడు, అక్షరాల సిరా తడికి దిగుతుందని. ఒక మూల మాత్రం మడవకుండా కుందేలు చెవిలా బయటికి వదులుతాడు. "ఆరాక ఆ చెవి పట్టుకుని లాగేయండమ్మా" అని వెళ్ళేముందు ఇంటివాళ్ళకి చెబుతాడు. ఇలా చేసే మనిషి ఈ ఊళ్ళో ఇంకొకడున్నాడని ఆవిరక్క ఎన్నడూ వినలేదు.

ఆమె వేళ్ళ మధ్య ఉన్నదానికి నాలుగు మడతలున్నాయి, చెవి కూడా ఉంది. చెవి మీద దుమ్ము పేరుకుంది. అంటే లాగమని ఎవరూ చెప్పలేదు. సోఫాని ఇంకాస్త ఎత్తి రెండో కాలి కింద చూసింది. అక్కడా ఉంది. మూడో కాలి కింద లేదు. నాలుగో దాని కిందా లేదు. ఆవిరన్న పనిని సగంలో వదిలేసే మనిషి కాదు.

"ఏం, సోఫా ఎత్తినదానివి ఎత్తినట్టే ఉండిపోయావు? అక్కడేమన్నా నిధి దొరికిందా?"

ఆ గొంతు హెడ్మాస్టరమ్మది. ఈ ఇంటి యజమానురాలు. బడి నుంచి రిటైరై చాలాకాలమైంది గాని బడి ఆవిడలోంచి రిటైరు కాలేదు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తన్నట్టు, కుర్చీలో కూర్చునే హాలంతా అదుపులో పెట్టగలదు. పొద్దున్నుంచీ "ఆ మూల వదిలేశావు", "ఇలా కాదు, అలా పట్టు" అంటూనే ఉంది. రెండుసార్లు "ఇలా ఇవ్వు, నేను చూపిస్తాను" అని చెయ్యి చాపింది కూడా. ఆవిరక్క నవ్వేసి తప్పించుకుంది.

"ఏం లేదమ్మగారూ" అంటూ సోఫా దించింది. "ఇదివరకు ఈ కార్పెట్టు ఎవరిచేతన్నా చేయించారాండీ?"

"చెప్పాను కదా, ఇదే మొదటిసారి అని. నాకు దగ్గొస్తోంది, ఈ దుమ్ము వల్లే అని డాక్టరు అంటేనే మిమ్మల్ని పిలిచాను. అది కూడా నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి. నేను ఇంట్లో లేనప్పుడు ఈ గుమ్మంలోకి పిట్టని కూడా రానివ్వరు మావాళ్ళు."

ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. అది ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ మాటకి వంటింటి గుమ్మంలో ఉన్న కోడలి చేతిలోంచి మాత్రం గరిటె జారి కిందపడింది. ఆవిరక్క తలెత్తి చూసింది. ఆ అమ్మాయి ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

ఆవిరక్క మనసులో లెక్క వేసుకుంది. అత్తగారు ఇంట్లో లేనప్పుడు ఆయన వచ్చాడన్నమాట. పని సగంలో ఆగిపోయిందన్నమాట. ఇంటికొచ్చి షెడ్డు అని చెప్పాడన్నమాట. ఈ మూడు మాటలూ పక్కపక్కన చేరేసరికి, ఏ ఇల్లాలికీ రాకూడని ఆలోచనొకటి ఆమె బుర్రలోకి దూరింది. ఛీ అనుకుంది. అనుకున్నంత మాత్రాన పోతుందా? చీమలా చెవి దగ్గరే తిరుగుతోంది.

"ఏమే, ఏంటది చేతిలో?" వదిన మెడ చాచి చూసింది. "పాలకవరా? అచ్చం మనింట్లో కిటికీ దగ్గర ఆరేసే..."

వదిన నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిరక్క గట్టిగా కాలు తొక్కింది.

"అబ్బా! కాలు తొక్కావేంటే?"

"చూసుకోలేదు వదినా. ఆ గొట్టం కాస్త ఇటు లాగు."

వదిన గొణుక్కుంటూ గొట్టం లాగింది. ఆవిరక్క పాలకవరు ముక్కని జాకెట్టులో దోపుకుని, గన్ను అందుకుంది. గన్ను అంటే మెషిను నుంచి వచ్చే గొట్టం చివర ఉండే పిడి. దానికి తుపాకీకి ఉన్నట్టే వేలితో నొక్కే మీట ఉంటుంది. నొక్కితే ముందు నాలుగు చుక్కల వేడినీళ్ళు తుంపరగా చిమ్ముతాయి, ఆ వెనకే ఆవిరి బుస్సుమంటూ వస్తుంది. కార్పెట్టులోంచి ఊరిన మురికినీళ్ళని పక్కనున్న ఇంకో గొట్టం పీల్చి మెషిను మీది అద్దపు డబ్బాలోకి పంపుతుంది. మీట పక్కన బొటనవేలికి అందేలా చిన్న లాకు ఉంటుంది. గన్ను కింద పెట్టే ముందు దాన్ని పైకి తోయాలి. టిక్ అంటుంది. ఆ టిక్ వినకుండా గన్ను వదలకూడదన్నది ఆవిరన్న నేర్పిన మొదటి పాఠం. ఇప్పటికీ పొద్దున్నే ఆమె బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర నిలబడి "లాకు చూసుకో. టిక్ అనాలి. విన్నావా, టిక్ అనాలి" అని ఒకటే చెబుతాడు. భయం పట్టుకున్న మనిషి చాదస్తం అనుకునేది ఆమె.

కిటికీ వైపు చేసినంతసేపూ డబ్బాలోకి నల్లటి నీళ్ళు వచ్చాయి. సోఫా ముందుకి వచ్చేసరికి నీళ్ళు పల్చబడ్డాయి. ఇక్కడ ఇంతకుముందు చెయ్యి పడిందని మెషిను కూడా సాక్ష్యం చెబుతోంది. ఇంకాస్త ముందుకి వెళ్ళేసరికి నీళ్ళలో ఎరుపు తిరిగింది.

"ఆగు ఆగు" హెడ్మాస్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఆ ఎరుపేంటి? నా కార్పెట్టు రంగు దిగుతోందా?"

"లేదండీ. కార్పెట్టులో ఎరుపే లేదు కదండీ. ఎప్పుడో ఏదో ఒలికినట్టుంది. అడుగున ఉండిపోయింది, వేడికి ఇప్పుడు పైకొస్తోంది."

"ఒలికిందా? మా ఇంట్లోనా? ఎప్పుడు?" ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నీకేమన్నా తెలుసా అమ్మాయ్?"

"ఏమో అత్తయ్యా. పాతదేమో" అంది కోడలు. అంటూనే కొంగు చివర వేలికి చుట్టడం మొదలుపెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వ్యవహారం. హెడ్మాస్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని ఆ అమ్మాయిని చూస్తూ నిలబడింది. ఎన్ని వందల మంది పిల్లల అబద్ధాలు చూసి ఉంటాయో ఆ కళ్ళు. ఆవిరక్కకి ఎందుకో ఆ క్షణాన కోడలి మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

సరిగ్గా అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుంది. నిద్రలేచిన పాప బయటికొచ్చింది. బడికి వెళ్ళడం అప్పుడప్పుడే మొదలుపెట్టిన వయసు. జుట్టంతా ఒకవైపు అణిగిపోయి ఉంది. కళ్ళు నులుముకుంటూ రెండడుగులు వేసి, హాలు మధ్యలో మెషిను చూసి ఆగిపోయింది. చూస్తుండగానే ఆ కళ్ళు ఇంతింతలయ్యాయి. ఒక్క పరుగున వెళ్ళి తల్లి చీర వెనక దాక్కుంది. కొత్త వస్తువుని చూసి పిల్లలు దాక్కోవడం వేరు, తెలిసిన వస్తువుని చూసి దాక్కోవడం వేరు. ఆవిరక్కకి తేడా తెలిసింది.

"రావే బంగారం, ఇది పొగబండి. నిన్నేం చెయ్యదు" అని వదిన నవ్వించబోయింది.

పాప చీర అంచు కాస్త పక్కకి తీసి, ఆవిరక్క వైపు చూసింది. చాలా మెల్లగా అడిగింది.

"ఆ మామయ్య రాలేదా? ఆయన చెయ్యి తగ్గిందా?"

మెషిను హోరులో ఆ మాట హెడ్మాస్టరమ్మకి సరిగా వినబడలేదు. "ఏమంటోంది పాప?" అంది.

"చప్పుడుకి భయంగా ఉందంటోంది అత్తయ్యా" అంది కోడలు. అంటూ ఆవిరక్క కళ్ళలోకి చూసింది. బతిమాలుతున్న చూపు.

ఇక్కడ నోరు జారితే, ఆ అత్త ఎదుట ఈ అమ్మాయి ఏమవుతుందో ఆవిరక్కకి కనబడుతూనే ఉంది. తనకి కావలసిన నిజం కూడా ఆ గొడవలో కొట్టుకుపోతుంది. గన్ను కార్పెట్టు మీద పెట్టి, బొటనవేలితో లాకు పైకి తోసింది. టిక్ అంది. మెషిను మాత్రం ఆపలేదు. ఆపితే బాయిలరు చల్లారి మళ్ళీ కాగడానికి బోలెడు సేపు పడుతుంది.

"మురికినీళ్ళు పారబొయ్యాలి. వెనక బాల్కనీ ఎటమ్మా? కాస్త చూపిస్తావా?" అంది కోడలితో, డబ్బా ఊడదీస్తూ. వదినతో "ఇక్కడ చూస్తుండు వదినా. ఎవరినీ ముట్టుకోనివ్వకు" అంది.

"నువ్వెళ్ళి రావే. నేను లేనా ఏంటి?" అంది వదిన.

బాల్కనీలో తడిబట్టలు వేలాడుతున్నాయి. తలుపు దగ్గరగా వేసి, ఆవిరక్క డబ్బా కింద పెట్టింది. జాకెట్టులోంచి పాలకవరు ముక్క తీసి, అరచేతిలో పెట్టి చూపించింది.

"ఇది మా ఆయన పెట్టింది. ఇప్పుడు చెప్పమ్మా. నిజం చెప్పు. నాకు ఏ నిజమైనా ఫరవాలేదు, తెలియకపోవడమే నన్ను చంపేస్తోంది."

ఆ అమ్మాయి ముందు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని చెప్పింది.

"అత్తయ్యగారు వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళారక్కా ఆరోజు. పాప దగ్గుమందు సీసా తెచ్చి కార్పెట్టు మీద ఒంపేసింది. మొత్తం ఎర్రగా అయిపోయింది. నేను ఎంత తుడిస్తే అంత పాకింది. కింద మెట్ల దగ్గర మీవాళ్ళ కాగితం అంటించి ఉంటే చూసి ఫోన్ చేశాను. ఆవిడ వచ్చేలోపు అయిపోతుందనుకున్నాను. ఆవిడకి చెప్పకుండా మనిషిని లోపలికి రానిచ్చానని తెలిస్తే..."

"అది సరే. చెయ్యి సంగతి చెప్పు."

"సోఫా దగ్గర చేస్తూ, దాన్ని కదపాలని గన్ను కింద పెట్టారు. ఆ రెండు కాళ్ళూ అయ్యాయి. మూడోదానికి వంగారు. నేను అటుపక్క పట్టుకున్నాను. పాప ఎప్పుడొచ్చిందో చూడలేదక్కా. గన్ను ఎత్తేసింది. లోపల ఏముందోనని మూతి తన వైపు తిప్పుకుని చూస్తోంది." ఆ అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "తుంపర పడ్డం చూశాను. అంతే. నేను అరిచేలోపు మీ ఆయన సోఫా మీద నుంచి దూకి, దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టేశారు. అలా పెట్టే ఉంచారు, ఇంకో చేత్తో పాప వేలు మీట మీద నుంచి తీసేదాకా. చిన్న అరుపు కూడా అరవలేదక్కా. పాప జడుసుకుంటుందని పళ్ళు కొరుక్కుని నవ్వారు."

ఆవిరక్క బట్టలతాడు పట్టుకుంది. అరచేతి నడిమధ్యలో, గుండ్రంగా, సీసామూత అంత. పూటకోసారి, అన్నం పెడుతూ, ఆ చేతి వంకే చూస్తూ దెప్పింది. మూత తియ్యడం రాదా మీకు అని. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఇందాక చెవి దగ్గర తిరిగిన ఆ పాడు ఆలోచన గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

"మరి ఆయన నాతో ఎందుకు చెప్పలేదు?" అంది ఏడుస్తూ. "ఇందులో దాచాల్సిందేముంది? నువ్వు చెప్పొద్దన్నావా?"

"అయ్యో, నేను కాదక్కా. ఆయనే వద్దన్నారు. 'తప్పు నాదమ్మా. లాకు వెయ్యడం మర్చిపోయాను. పసిదాని కళ్ళు పోయేవి. మా ఆవిడ ముందు ఏ ముఖం పెట్టుకుని చెప్పను, నేనింక దీన్ని ముట్టుకోను' అన్నారు. కుళాయి కింద చెయ్యి పెట్టుకుని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు."

అదా సంగతి. కాలినందుకు కాదు ఆయన భయపడుతున్నది. కుక్కరు కూత వినగానే ఆయనకి కనబడేది తన చెయ్యి కాదు, ఈ పాప ముఖం. ఆవిరక్కకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఇప్పటికిప్పుడు మెట్లు దిగి ఇంటికి పరుగెత్తాలనిపించింది. ఆ చెయ్యి పట్టుకుని, మర్చిపోతే మర్చిపోయారు, మనుషులన్నాక మర్చిపోరా, అని చెప్పాలనిపించింది.

"కానీ అక్కా" అంది కోడలు, తటపటాయిస్తూ. "ఆయన మర్చిపోలేదు."

"ఏంటి?"

"లాకు వేశారక్కా. నేను పక్కనే ఉన్నాను. మీరు ఇందాక వేశారే, సరిగ్గా అలాగే బొటనవేలితో పైకి తోశారు. టిక్‌మంది కూడా. నేను విన్నాను. ఆ మాటే ఆయనతో అన్నాను. వినిపించుకోలేదు. 'నా మనసు కుదుటపడాలని అంటున్నావు తల్లీ' అన్నారు."

ఆవిరక్క కన్నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి.

వేశాడు, టిక్ అంది. అయినా పాప చేతిలో ఊడింది. అంటే ఆ లాకు టిక్ అంటుంది గాని పట్టుకోదు. గన్ను నేల మీద ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది, పిడి పట్టుకుని ఎత్తితే జారిపోతుంది. ఇన్నాళ్ళుగా రోజూ వాడుతోంది కదా, తనకెందుకు తెలియలేదు? ఎలా తెలుస్తుంది? తాను గన్ను ఎత్తగానే మొదట చేసే పని లాకు దించడమే. అది నిలిచి ఉందో, అప్పటికే జారిపోయి ఉందో చూసే అవసరమే ఎప్పుడూ రాలేదు. మూత గురించి మనిషి ఆడిన అబద్ధం సిగ్గుతో ఆడింది. లాకు గురించి మాత్రం తనకి తెలియకుండా తన మీదే అబద్ధం చెప్పుకున్నాడు. అసలు అబద్ధమాడింది మెషిను. గుండెల మీది బండ దిగినట్టు ఒక్క క్షణం ఆమెకి ఊపిరాడింది.

మరుక్షణమే ఇంకో సంగతి తట్టింది. ఇందాక తాను వేసింది ఆ లాకే. గన్ను హాలు మధ్యలో ఉంది. బాయిలరు కాగుతూనే ఉంది.

"పాప ఎక్కడుంది?" అంది ఆవిరక్క.

కోడలు చుట్టూ చూసింది. తన చీర వెనక ఎవరూ లేరు.

హాల్లోంచి వదిన గొంతు వినిపించింది, నవ్వుతూ. "చూశావా బంగారం, ఉత్త పొగబండి అని చెప్పానా? దగ్గరికొచ్చి చూడు, నేనున్నాగా." ఆ వెనకే ఇంకో గొంతు, ఖంగుమని. "ఈవిడ నీళ్ళు పారబొయ్యడానికి ఏ ఏటికి వెళ్ళిందో. ఆ మూల అలాగే ఉండిపోయింది. ఇలా ఇవ్వు, నేను పడతాను."

"అమ్మగారూ, వద్దండీ, మా మరదలు తిడుతుంది!" వదిన అంటోంది.

డబ్బా కాలికి తన్నుకుని మురికినీళ్ళు బాల్కనీ అంతా పారాయి. ఆవిరక్క తలుపు తోసి, వంటింట్లోంచి పరుగెత్తింది. ముట్టుకోవద్దని అరిచింది గాని మెషిను హోరులో ఎవరికీ వినబడలేదు. గడప తగిలి బోర్లాపడబోయి, గోడ పట్టుకుని హాల్లోకి వచ్చింది.

హెడ్మాస్టరమ్మ గన్ను ఎత్తి పట్టుకుని ఉంది. పాఠం చెప్పేవాళ్ళు బెత్తం పట్టుకున్నట్టు, వేలు మీట మీద వేసి. గన్ను మూతికి ఎదురుగా పాప గొంతుక్కూర్చుని, భయం తీరిపోయి, లోపల ఏముందోనని తొంగి చూస్తోంది. లాకు తనంతట తానే కిందికి జారడం ఆవిరక్క కళ్ళారా చూసింది. చప్పుడు కూడా చెయ్యలేదు.

మూతి దగ్గర నాలుగు చుక్కల తుంపర మెరిసింది.

ఆ రోజు ఆయన చెయ్యి ఎందుకు ఆగలేదో ఆవిరక్కకి అప్పుడు తెలిసింది. అప్పటికే తన అరచెయ్యి ఆ మూతి వైపు చాపి ఉంది.